లైను ఖాళీ

1949 ఏప్రిల్ 6

ఈ బుచ్చయ్యతో వేగలేకపోతున్నాను. చిమ్నీ గాజును నూనె చేతులతో ముట్టుకోవద్దని చెప్పి చెప్పి నా నోరు నొప్పెడుతోంది. ఇవాళ సాయంత్రం కూడా సిగ్నలు దీపం చుట్టూ రంగులు కట్టాయి, వానాకాలం చంద్రుడికి గుడి కట్టినట్టు. పిలిచి చూపిస్తే, "శుభ్రంగానే ఉందండి అయ్యగారూ" అంటాడు. దింపించి, నా ఎదటే ముగ్గుపిండి పెట్టి మళ్ళీ తోమించాను. పైకెక్కించాక మళ్ళీ అదే గుడి. కిరసనాయిలులో ఏదో కల్తీ కలుస్తోంది. యుద్ధం అయిపోయి ఇన్నాళ్ళయినా మంచి నూనె కంటికి కనపడదు.

కుడి కణత దగ్గర పోటు. అమృతాంజనం రాసుకున్నాను.

ఏప్రిల్ 9

మామిడి దిగింది. విస్సన్నపేట వైపు నుంచి మొదటి బళ్ళు పొద్దున్నే వచ్చి పడ్డాయి. ఏడాదిలో ముప్పాతిక భాగం ఈ స్టేషనులో కాకులకి తప్ప ఎవరికీ పని ఉండదు. ఈ రెండు మూడు నెలలు మాత్రం నూజివీడు తోటలన్నీ నా నెత్తిమీదే దిగుతాయి. ప్లాట్‌ఫారం అంతా గంపలు, వరిగడ్డి, ఈగలు, రసాల వాసన. షావుకారు నారాయణరావు కలకత్తాకి వ్యాగను కావాలని నా గది ముందే కుర్చీ వేసుకుని కూర్చుంటాడు.

సైడింగు అవతలి వైపు కట్టిన మహానుభావుడెవరో గాని, వాడిని తీసుకొచ్చి ఒక్క సీజను ఇక్కడ నిలబెట్టాలి. బళ్ళు ఇవతల ఆగుతాయి, వ్యాగను అవతల ఉంటుంది. గంపలు నెత్తిన పెట్టుకుని కూలీలు మెయిన్ లైను మీదుగానే అటూ ఇటూ నడవాలి. పైవాళ్ళకి రాసి రాసి ఊరుకున్నాను.

ఇక్కడ ఆగని మధ్యాహ్నం మెయిలు వచ్చే వేళకి బుచ్చయ్య చేసే గోల ఒకటి. లైను పొడుగునా నడిచి, "తప్పుకోండి, తప్పుకోండి, బండొస్తంది" అని కేకలేసి, కూలీలందరినీ తోలి, పరుగెత్తుకొచ్చి నా ఎడమ పక్కన నిలబడి, "లైను ఖాళీ అండి" అంటాడు. అప్పుడు నేను "వెయ్యి" అంటాను, వాడు బండికి దారిచ్చే సిగ్నలు లీవరు లాగుతాడు. రూలు పుస్తకం ప్రకారం లైను చూడవలసినవాణ్ణి నేను. చూస్తూనే ఉంటాను. అయినా వాడి నోరు ఊరుకోదు. రెండేళ్ళుగా ఇదే అలవాటు, పోనీ అని ఊరుకుంటున్నాను.

ఇవాళ ఒక గంప కాలికి తగిలి బోర్లా పడబోయాను. దారికి అడ్డంగా పెట్టింది బుచ్చయ్య పెళ్ళాం కనకమ్మ. సీజనులో ఆమె కూడా గంపలు మోస్తుంది. నాలుగు చీవాట్లు పెడితే నవ్వుతుంది.

"రోజూ నా గంపే వెతుక్కునొచ్చి తంతన్నారండి అయ్యగారు. అదేం చేసిందండి తమర్ని?"

మనిషికి భయం లేదు, భక్తి లేదు.

ఏప్రిల్ 14

కళ్ళ పరీక్షకి రమ్మని కాగితం వచ్చింది. జూన్‌లో. బెజవాడలో రైల్వే డాక్టరు ముందు హాజరు కావాలి. తప్పితే డ్యూటీ నుంచి తీసేస్తారు, క్వార్టరు ఖాళీ చేయాలి. మామూలు పరీక్షే. ఇది వరకు ఎన్నోసార్లు వెళ్ళాను. నా కళ్ళకేం.

మా అమ్మాయి కమల టీచరు ట్రైనింగు ఇంకా ఒక్క సంవత్సరం ఉంది.

ఏప్రిల్ 15

పొన్నగంటికూర పప్పు.

ఏప్రిల్ 16

పొన్నగంటికూర వేపుడు.

ఏప్రిల్ 19

సౌభాగ్యాన్ని అడిగేశాను, ఈ ఇంట్లో వేరే ఆకు దొరకదా అని. మావిడికాయ బళ్ళ మధ్య కూర్చుని ముద్దపప్పు, మావిడికాయ పచ్చడికి మొహం వాచిపోయాను. "కాలవ గట్టున లేతగా ఉందండీ, కోసుకొచ్చాను" అంది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఈవిడ నాకు తెలియకుండా ఏ పనీ చెయ్యలేదు. పొన్నగంటికూర కళ్ళకి మంచిదని ఊళ్ళో ప్రతి ముసలమ్మా చెబుతుంది. ఆవిడ నాతో ఆ మాట అనలేదు, నేనూ అడగలేదు. తిన్నాను.

ఏప్రిల్ 22

కమల వచ్చింది, సెలవులకి. చిక్కిపోయింది గాని మొహంలో కళ ఉంది. పెళ్ళయిన ఏడాదికే అల్లుడు టైఫాయిడుతో పోయినప్పుడు ఈ పిల్ల ఇంక లేచి తిరుగుతుందని నేననుకోలేదు. మా అన్నగారు ట్రైనింగు స్కూలు మాట వినగానే గుమ్మంలోకి రావడం మానేశారు. మానేస్తే మానేశారు. నా కూతురు నలుగురి ఇళ్ళల్లో వంటకి కుదరాల్సిన పనిలేదు, బడిలో కుర్చీలో కూర్చుంటుంది. అందుకు కావలసింది నా జీతం, ఇంకొక్క ఏడాది. అంతకంటే నేను దేవుణ్ణి ఏమీ అడగడం లేదు.

భోజనాల దగ్గర గ్లాసు ఒలికింది. పక్కన ఎవరో కదిలితే ఉలిక్కిపడ్డాను.

"ఎప్పుడొచ్చి కూర్చున్నావే?"

"ఇందాకటి నుంచీ ఇక్కడే ఉన్నాను నాన్నగారూ."

పిల్లిలా నడుస్తుంది, చిన్నప్పటి నుంచీ అంతే.

ఏప్రిల్ 27

ఇవాళ జరిగినది రాయాలని లేదు. అయినా రాస్తాను.

మధ్యాహ్నం మెయిలు వెళ్ళాక నారాయణరావు, ఆయన గుమాస్తాలు, బండి తోలేవాళ్ళు, టిక్కెట్టు కోసం వచ్చిన ఉంగుటూరు పెద్దమనుషులు, అందరూ నా గది ముందు ఉన్నారు. నారాయణరావు కాళ్ళూపుకుంటూ, "మాస్టరుగారూ, మా కూలీలు ఓ మాటంటున్నారండి, చెప్పమంటారా?" అన్నాడు. చెప్పండన్నాను, నా ఖర్మ కాలి.

"ఈ స్టేషనుకి బుచ్చయ్య మాస్టరంట. మీరు పోర్టరంట. ఆయన లైను ఖాళీ అంటేనే గాని మీ నోరు పెగలదంట."

అందరూ నవ్వారు. ఉంగుటూరు వాళ్ళు కూడా నవ్వారు, నా మొహం ఎన్నడూ చూడనివాళ్ళు. బుచ్చయ్య అక్కడే నిలబడి జెండా చుడుతున్నాడు. వాడు నవ్వలేదు. నవ్వినా బాగుండేది. తల వంచుకుని అవతలికి పోయాడు, ఏదో నన్ను కాపాడుతున్నట్టు.

భోజనం చెయ్యకుండా కూర్చుని ఇన్‌స్పెక్టరుగారికి రిపోర్టు రాశాను. దీపాలు సరిగా తుడవడం లేదు, పై అధికారి ముందు అధిక ప్రసంగం చేస్తున్నాడు, మనిషిని మార్చవలసింది. రాసింది ఒక్క ముక్క అబద్ధం కాదు.

మే 3

ఇన్‌స్పెక్టరుగారు వచ్చి వెళ్ళారు. దీపాలు వెలిగించి చూసి, "బాగానే ఉన్నాయి కదండీ" అన్నారు. తమరు వస్తున్నారని ఇవాళ తోమి ఉంటాడన్నాను. దీపానికి ఇవాళ కూడా గుడి కట్టే ఉంది. ఆయన చూపు ఎలాంటిదో మరి.

తరవాత బుచ్చయ్యని పిలిచి, మాస్టరుగారికి నువ్వు లైను సంగతి చెబుతావట, నిజమేనా అని అడిగారు.

"చెబుతానండి."

"నిన్ను చెప్పమని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదండి. చెప్పకపోతే ఎట్టాగండి మరి..." అని నా మొహంలోకి చూశాడు.

అంత పెద్దాయన ముందు ఆ పొగరేమిటి? ఆయన అక్కడికక్కడే పని తీసేశారు. క్వార్టరు గది కూడా ఖాళీ చెయ్యమన్నారు. బదిలీ చేస్తారనుకున్నాను గాని తీసేస్తారనుకోలేదు. అది ఆయన నిర్ణయం. నేను మార్చమనే రాశాను.

మే 4

కనకమ్మ చాపలు, కుండలు చుట్టుకుని వెళ్తుంటే సౌభాగ్యం దొడ్డిగుమ్మంలో నిలబడి చూస్తోంది. కనకమ్మ ఆవిడ దగ్గరికి వచ్చి ఏదో చెప్పింది. ఏం చెప్పిందే అంటే, "ఏం లేదండీ, వస్తానమ్మగోరూ అంది" అంటుంది. అంతసేపు ఒక్క మాట చెప్పిందా?

మే 6

కొత్త పోర్టరు వచ్చాడు. పేరు ఇన్నయ్య. నడివయసు మనిషి, బెజవాడలో పెద్ద యార్డులో చేశాడట. చెప్పింది చేస్తాడు, చెప్పనిది చెయ్యడు, అడిగితే గాని నోరు విప్పడు. పోర్టరంటే ఇలా ఉండాలి. మెయిలు వేళకి లీవరు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. నేను లైను చూసుకున్నాను, "వెయ్యి" అన్నాను, వేశాడు. ఎంత హాయిగా ఉందో.

దీపాల విషయంలో మాత్రం ఇతనూ అంతే.

మే 9

బుచ్చయ్య నారాయణరావు ముఠాలో చేరాడు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ గంపలు మోస్తున్నారు. మోసుకోనీ, నాకేం.

కాని ఇవాళ మెయిలు వేళకి మళ్ళీ అదే గొంతు. వీడు గంప దించి, లైను పొడుగునా నడుస్తూ, "తప్పుకోండి, తప్పుకోండి" అని అందరినీ తోలుతున్నాడు. పని పోయినా పొగరు పోలేదు. తోలడం అయిపోయాక అవతలి నుంచి, నాకు వినపడేట్టు, "లైను ఖాళీ అండి" అని అరిచాడు. కూలీలు పగలబడి నవ్వారు. నారాయణరావు నా వంక చూడకుండా చూశాడు.

మే 10

ఇవాళా అరిచాడు.

మే 11

కమలకి నా మీద ఎక్కడలేని అధికారం వచ్చింది. పొద్దున్న నా ఎదురుగా కూర్చుని, "నాన్నగారూ, నా మొహంలోకే చూడండి. అటూ ఇటూ చూడకండి" అంది. ఏమిటే ఈ వేషాలు అంటే, "మా స్కూల్లో నేర్పారు, చూడండి" అంది. చూశాను. నుదురు చెమటపట్టి ఉంది దానికి. కాసేపయ్యాక, "ఇప్పుడు నా చెయ్యి కనిపిస్తోందా?" అంది.

"ఏ చెయ్యి?"

తల తిప్పితే నా చెవి పక్కన అరచెయ్యి చాపి ఉంది. ఎంతసేపటి నుంచి చాపిందో.

"ఇది నీటికాసులు నాన్నగారూ. మా స్నేహితురాలి తాతగారికి ఇలాగే వచ్చింది. దీపాల చుట్టూ రంగులు, తలనొప్పి, పక్కచూపు పోవడం. ఎదటిది మాత్రం కనిపిస్తూనే ఉంటుంది. బుచ్చయ్యకి రెండేళ్ళ నుంచి తెలుసు. అందుకే మీ ఎడం పక్కన నిలబడేవాడు. కనకమ్మ వెళ్తూ వెళ్తూ అమ్మకి చెప్పింది."

ఎవరి కన్నూ చెవి దాకా చూడదు, ఎదురుగానే చూస్తుంది. దేవుడు కళ్ళు ముందు పెట్టింది అందుకే. ఆ మాటే అన్నాను. రెండు ముక్కలు ఇంగ్లీషు చదవగానే తండ్రికి రోగాలు అంటగట్టడం నేర్చుకున్నావని కూడా అన్నాను.

"సెలవు పెట్టండి. మద్రాసులో చూపించుకుందాం" అంది.

సెలవు పెడితే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెబితే పని పోతుంది. పని పోతే దీని చదువు పోతుంది. అది దానికి తెలియదా? తెలిసే అంటోందా? పిల్లకి వడ దెబ్బ తగిలినట్టుంది. మజ్జిగ తాగి పడుకోమన్నాను.

మే 13

కమల మాట్లాడటం లేదు. పొన్నగంటికూర.

మే 15

బుచ్చయ్యని పిలిపించాను. చేతులు కట్టుకుని నిలబడ్డాడు, భుజం మీద గంప చుట్టకుదురు గుడ్డ.

"నువ్వు పోర్టరువా?"

"కాదండి."

"మరి లైను మీద నీ కేకలేమిటి?"

"బండొస్తంటే చెప్పకపోతే ఎట్టాగండి. ఆళ్ళకి గంపల కింద ఏమీ అవుపడదండి."

"చెప్పడానికి ఇన్నయ్య ఉన్నాడు, నేనున్నాను. ఇంకోసారి లైను మీద నీ గొంతు వినిపిస్తే నారాయణరావుగారికి చెప్పి నీ పెళ్ళాన్ని కూడా ఇక్కడ గంప ఎత్తనివ్వను. తెలిసిందా?"

వాడు కదలలేదు. "మరి తమరికెవరు చెబుతారండి?" అన్నాడు, మెల్లిగా, పక్కన ఎవరూ వినకుండా.

"నాకు కళ్ళు లేవా?"

భుజం మీది గుడ్డ తీసి దులుపుకున్నాడు.

"ఉన్నాయండి" అని వెళ్ళిపోయాడు.

మే 16

మెయిలు వేళకి నిశ్శబ్దం. ప్రాణం సుఖంగా ఉంది.

మే 17

రాయను.

మే 19

రాస్తే నయమేమో. ఎవరూ చదివేది కాదు.

మంగళవారం మెయిలుకి పక్క స్టేషను నుంచి గంట వచ్చింది. నేను గదిలోంచి బయటికి వచ్చి నిలబడ్డాను. ఇన్నయ్య లీవరు దగ్గర ఉన్నాడు. లైను చూశాను. చూశాను. పట్టాలు తెల్లగా మెరుస్తున్నాయి, వాటి మీద ఎవరూ లేరు. "వెయ్యి" అన్నాను. వేశాడు.

కనకమ్మ సైడింగు వైపు వెళ్తోందట. నా ఎడమ వైపు. గంప పెద్ద రసాలది, నిండా నింపి కట్టినది, మెడ నిలవదు. గంప అంచు కళ్ళ మీదికి వస్తుంది. గడ్డి చెవులకి అడ్డం. బండి ఈల వేసింది. ఆ మనిషి ఎటు పోవాలో తెలియక లైను మధ్యలోనే ఆగిపోయిందట.

బుచ్చయ్య వ్యాగను తలుపులో నిలబడి ఉన్నాడు. చూశాడు. నోరు తెరిచాడట, ముఠావాళ్ళు చెప్పారు. తెరిచి, ఒక్క క్షణం నా వైపు చూశాడట. ఆ తరవాత అరిచాడు. అప్పటికి అయిపోయింది.

అరిచినా ఆ బండి చప్పుడులో వినపడేది కాదు. నేను అన్నది మామూలు వేళల్లో అరవవద్దని. ప్రాణం మీదికి వచ్చినప్పుడు అరవవద్దని ఏ మనిషీ అనడు.

పళ్ళు పట్టాల పొడుగునా పడ్డాయి. సాయంత్రం దాకా ఎవరూ ఏరలేదు.

మే 20

ఎండ. ఆ వేళకి ఎండ సరిగ్గా మొహం మీద పడుతుంది. ఎవరికైనా కళ్ళు చీకట్లు కమ్ముతాయి.

మే 21

ఎండే.

మే 24

విచారణ. ఇన్‌స్పెక్టరుగారు, ఇంకొక ఆఫీసరు వచ్చారు. మా వెయిటింగు గదిలో బల్ల వేసి కూర్చున్నారు. సౌభాగ్యం కాఫీ పంపింది గాని అటు రాలేదు. కమల మాత్రం గుమ్మం పక్కన వచ్చి నిలబడింది. ఆడపిల్లకి అక్కడేం పని అని ఎవరూ అడగలేదు.

ముందు ఇన్నయ్యని అడిగారు. "లైను నువ్వు చూశావా?"

"లేదండి. మా యార్డులో మాస్టరుగారే చూస్తారండి. మాది చెప్పింది చెయ్యడమే. ఇక్కడ పోర్టరు చూసి చెప్పాలని నాకెవరూ చెప్పలేదండి. వెయ్యమన్నారు, వేశాను."

తరవాత బుచ్చయ్యని. మనిషి వారం రోజుల్లో ముసలివాడైపోయాడు. గడ్డం మాసిపోయి ఉంది. నీ పెళ్ళాం లైను మీదికి ఎందుకు వెళ్ళింది అని అడిగారు.

"గంప మొయ్యడానికండి."

"బండి వస్తోందని తెలియదా?"

"అయ్యగారికి ఎడం పక్క అవుపడదండి. రెండేళ్ళ నుంచి నేనే చూసి చెప్పేవోణ్ణి. పని పోయాక కూడా చెప్పానండి. ఇంక నీ గొంతు వినపడితే నీ పెళ్ళాన్ని గంప ఎత్తనివ్వనన్నారు. దాని కూలి పోద్దని నోరు మూసుకున్నానండి. నోరు మూసుకునే నిలబడ్డానండి, అది పోయిందాకా."

ఏడవలేదు. ఎదుటివాడికి దారి చెబుతున్నట్టు చెప్పాడు.

ఆఫీసరుగారు ఇన్‌స్పెక్టరుగారి వైపు చూశారు. ఇన్‌స్పెక్టరుగారు, "ఇతన్ని మాస్టరుగారి రిపోర్టు మీదే ఈ నెల మొదట్లో తీసేశామండి" అన్నారు. "ఓహో" అన్నారు ఆఫీసరుగారు. ఆ ఓహోతో వాడు చెప్పినదంతా కొట్టుకుపోయింది. నేనేమీ అనలేదు. నేను వాడి మాట తప్పని కూడా అనలేదు.

"మీరేమంటారు? చూపులో ఏమైనా ఇబ్బంది ఉందా?" అని నన్ను అడిగారు.

గుమ్మం ఎడమ వైపున ఉంది. కమల అక్కడ ఉందని తెలుసు. తల తిప్పితే గాని కనిపించదు. తిప్పలేదు.

"నా కళ్ళు బాగానే ఉన్నాయండి. వచ్చే నెల్లో పరీక్ష కూడా ఉంది" అన్నాను.

నిషేధించిన చోట కూలి మనిషి అజాగ్రత్తగా లైను దాటడం వల్ల జరిగిందని రాసుకున్నారు. నారాయణరావు కర్మ ఖర్చులకి ఏదో ఇస్తానన్నాడు. బుచ్చయ్య తీసుకోలేదట.

మే 29

పెద్దకర్మకి సౌభాగ్యం, కమల వెళ్ళారు. నన్ను రమ్మనలేదు, నేనూ వస్తాననలేదు. వచ్చాక కమల చెప్పింది, బుచ్చయ్య నాకు చెప్పమన్న మాట. "మీ నాయన్ని ఆ పని మానెయ్యమనండమ్మా. ఇంకెవరో ఒకరు పోతారు."

తిట్టినా బాగుండును.

జూన్ 1

రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండ. మామిడి తగ్గింది. ఇన్నయ్యని ఇప్పుడు లైను చూసి రమ్మంటున్నాను, రూలు కోసం. వెళ్ళి వస్తాడు, ఏమీ చెప్పడు. ఖాళీయేనా అంటే తల ఊపుతాడు. తల ఊపడం నాకు నచ్చదు, నోటితో చెప్పమన్నాను.

జూన్ 3

వంకాయ కూర. సౌభాగ్యం పొన్నగంటికూర వండటం మానేసింది.

జూన్ 13

బెజవాడ వెళ్ళివచ్చాను. పాసయ్యాను.

డాక్టరు ఒక బల్ల ఎదురుగా కూర్చోబెట్టాడు. గోడ మీద అక్షరాల అట్ట. పైనుంచి అడుగుదాకా అన్నీ చదివాను, చిట్టచివరి చిన్న అక్షరాలతో సహా. కంఠస్థం చేసింది కాదు, చూసి చదివాను. రంగు రంగుల ఉన్ని పోగులు ముందు పోసి ఎరుపు తియ్యండి, పచ్చ తియ్యండి అన్నాడు. తీశాను. ఒక్కటి తప్పలేదు. "ఈ వయసులో మంచి చూపు మాస్టరుగారూ" అన్నాడు.

మంచి చూపు. డాక్టరే అన్నాడు. నేను అన్నది కాదు.

బయటికి వచ్చి మెట్లు దిగుతూ ఎవరినో గుద్దుకున్నాను. ముసలాయన. ఎడమ వైపు నుంచి వచ్చాడు. "చూసుకుని నడవండి బాబూ" అన్నాడు. ఆయనా చూసుకోలేదు.

తిరుగుబండిలో కూర్చుని ఆలోచించాను. ఏడాది. ఒక్క ఏడాది గడిస్తే కమలకి ఉద్యోగం వస్తుంది. ఆ మర్నాడే సెలవు పెట్టి మద్రాసు వెళ్తాను. ఒట్టు. ఈ ఏడాది జాగ్రత్తగా ఉంటాను. తల తిప్పి తిప్పి చూస్తాను.

జూన్ 14

కమలని పిలిచి డాక్టరు సర్టిఫికెట్టు చూపించాను. చదివింది. మడిచి నాకిచ్చేసింది.

"ఇంక నీ చదువుకి భయం లేదమ్మా" అన్నాను.

"నేను ట్రైనింగుకి వెళ్ళటం లేదు నాన్నగారూ."

రాజమండ్రిలో ఎవరో ఆడవాళ్ళు నడిపే శరణాలయం ఉందట. అక్కడ వంట చెయ్యాలి, చిన్నపిల్లలకి అక్షరాలు నేర్పాలి. భోజనం పెడతారు. పెద్దకర్మ నాడే వాళ్ళకి రాసిందట, రమ్మన్నారట.

వంట. ఏ వంట చెయ్యకూడదని నేను అన్నగారిని వదులుకున్నానో ఆ వంట. పట్టలేని కోపం వచ్చింది. నీ కోసం కాదటే నేను ఇంత పని చేసింది, నీ కోసం కాకపోతే నాకేం కావాలి ఈ ముసలితనంలో, అని అరిచాను. సౌభాగ్యం వంటింట్లోంచి బయటికి రాలేదు.

అది ఏడుస్తూనే ఉంది, కాని గొంతు తడబడలేదు.

"నా కోసమనే నాన్నగారూ. అందుకే. నేను చదివినన్నాళ్ళు మీరు ఇక్కడ నిలబడతారు. మీరు నిలబడినన్నాళ్ళు ఆ లైను మీద మనుషులు నడుస్తారు. నేను చదవటం మానేస్తే మీకు నిలబడే పని ఉండదు కదా. ఇప్పుడైనా సెలవు పెట్టండి."

సర్టిఫికెట్టు జేబులో పెట్టుకుని డ్యూటీకి వెళ్ళాను.

జూన్ 15

సెలవు కాగితం రాయబోయాను. కారణం అన్నచోట ఏం రాయాలి?

జూన్ 16

రాయలేదు.

జూన్ 17

పొద్దుటి పాసింజరుకి కమల వెళ్ళింది. ట్రంకు పెట్టె, ఒక సంచీ. ఇన్నయ్య పెట్టె ఎక్కించాడు. నాకు దణ్ణం పెట్టింది. సెలవు పెట్టారా అని అడగలేదు. "వేళకి తినండి" అంది. వెళ్ళి మద్రాసులో చూపించుకోండి అని ఇంకోసారి అంటుందేమో, అంటే సరేనందామనుకుంటూ నిలబడ్డాను. అనకుండానే ఎక్కేసింది.

ఇన్నయ్య లైను చూసి వచ్చి ఖాళీ అన్నాడు. జెండా ఊపాను. బండి కదిలింది.

సౌభాగ్యం నా పక్కకి వచ్చి నిలబడి చెయ్యి ఊపుతోంది. ఏ పెట్టెలో ఎక్కిందో నేను గుర్తు పెట్టుకోలేదు. బండి ఎడమ నుంచి వస్తోంది, కుడికి పోతోంది. కిటికీలు ఒక్కొక్కటే నా ఎదటికి వచ్చి, వచ్చినంతలోనే పోతున్నాయి. తల అటు తిప్పాను, ఇటు తిప్పాను. ఎవరిదో బోడిగుండు, ఎవరిదో ఎర్రచీర, ఎవరో పిల్లవాడు.

"అదుగోనండీ, మీ వైపే చూస్తోంది, చెయ్యి ఊపండి" అంది సౌభాగ్యం.

ఊపాను. గార్డు పెట్టె కూడా దాటిపోయింది. ప్లాట్‌ఫారం మీద మేమిద్దరమే మిగిలాం.

"చూశారా?" అంది.

చూశానన్నాను.

నాకు కనిపించలేదు.